లైటౌసు దిబ్బకు వెళ్ళిన సున్నం

మా మావయ్య రెండు బస్తాల సున్నం, ఒక దిమ్మ నల్లబెల్లం నావలో వేసుకుని లైటౌసు దిబ్బకు బయలుదేరిన పొద్దున నేను గట్టు మీద నిలబడి ఉన్నాను. ఆయన నన్ను చూశాడు. చూసి, బస్తాల మీద పాత వల లాగి కప్పాడు.

ఆ వల కప్పకపోయి ఉంటే నేను పట్టించుకునేదాన్ని కాదు.

దిబ్బ ఎక్కడుందో చెప్పను. గోదావరి పాయ సముద్రంలో కలిసే చోటును మా వాళ్ళు మొగ అంటారు. ఆ మొగకు అడ్డంగా, మూడు పక్కల బురద, నాలుగో పక్క సముద్రం ఉన్న ఇసుక దిబ్బ అది. మడచెట్లు, ముళ్ళపొదలు, మధ్యలో ఒక గుండ్రటి ఇటుక బురుజు. దీపం ఆరిపోయి చాలా ఏళ్ళయింది. కోనసీమ అంచున అలాంటి దిబ్బలు చాలా ఉన్నాయి. ఏ రేవు నుంచి వెళ్ళాలో నేను ఎందుకు దాస్తున్నానో చివరకు మీకే తెలుస్తుంది.

నా సంగతి కొంచెం చెప్పాలి. అమ్మానాన్న పోయాక నన్ను పెంచింది మావయ్య, అత్త. ఏడో తరగతితో బడి మానేశాను. కువైట్‌లో ఒక ఇంట్లో వంట, గిన్నెలు, పిల్లల పని చేశాను. అక్కడ తెలుగు అక్షరం దొరికేది కాదు. ఊరి నుంచి వచ్చే ఆవకాయ సీసాలకు చుట్టిన పేపర్లు నూనె పిండి, ఆరబెట్టి చదువుకునేదాన్ని. సగం చిరిగిన వార్తకు మిగతా సగం నేనే ఊహించుకునేదాన్ని. తిరిగి వచ్చాక రాజోలులో మిషను పెట్టుకుని, ఊరి నుంచి రోజూ బస్సులో వెళ్ళి జాకెట్లు కుట్టడం మొదలుపెట్టాను. కొట్టుకు రెండు వీధుల అవతలే గ్రంథాలయం. మొదటి బీరువాలో ఎడమచేతి వైపు నుంచి మొదలుపెట్టి ఒక్క పుస్తకం కూడా వదలకుండా చదవడం నా పద్ధతి. వదిలేసిన దాంట్లోనే అసలు సంగతి ఉంటుందేమోనని నా అనుమానం. అలా కోళ్ళ పెంపకం, గ్రహణాలు, వాస్తు, రొయ్యల సాగు, పురాణాలు అన్నీ వరసగా చదివాను. డిగ్రీ చదివిన అమ్మాయిలు జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చి నన్ను సందేహాలు అడిగేవారు. దానికి నేను ఎంత పొంగిపోయేదాన్నో దాచను.

మూడో బీరువాలో అట్టలేని పుస్తకం ఒకటి దొరికింది. జిల్లా సంగతులన్నీ ఉన్నాయి. అందులో మా దిబ్బ మీది దీపం గురించి ఒకటిన్నర పేజీ ఉంది. మా ఊరి సంగతి అచ్చులో చూడడం అదే మొదటిసారి. ఆ రోజే పొడుగు నోటుబుక్కు కొన్నాను. లైటౌసు చరిత్ర నేను రాస్తానన్నాను. గ్రంథాలయం ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, “రాయండమ్మా. నవంబరులో వారోత్సవాలప్పుడు మీచేత చదివిద్దాం” అన్నారు.

పుస్తకంలో లేనివి మావయ్యను అడిగి రాసుకున్నాను. తెల్లదొరల కాలంలో ఆ బురుజు కట్టారు. ఇటుక, సున్నం అన్నీ పడవల మీదే వచ్చాయట. మొదట్లో దీపానికి కొబ్బరినూనె పోసేవారు. ఆ నూనె మన కోనసీమ గానుగలదే. తర్వాత కిరసనాయిలు వచ్చింది. దీపం చూసే ఉద్యోగులు ఎక్కడెక్కడి నుంచో వచ్చేవారు. వాళ్ళకు బియ్యం, మంచినీళ్ళు, ఉత్తరాలు పడవలో చేరవేసింది మావయ్య వాళ్ళ నాన్న, ఆయన తర్వాత మావయ్య. తర్వాత ఒడ్డు కోసుకుపోయింది, మొగ జరిగింది, పెద్ద ఓడలు దూరంగా వెళ్ళడం మొదలుపెట్టాయి. తీరంలో ఇంకో చోట కరెంటు దీపం వెలిగాక దీన్ని మూసేశారు. అద్దాలు, ఇత్తడి సామాను పెట్టెల్లో సర్ది తీసుకుపోయారు. ఆ పెట్టెలు మోసింది కూడా మావయ్యే.

నాకు తెలిసింది కూడా ఆయనకు చెప్పేదాన్ని. “పగలు దీపం గదికి తెరలెందుకు వేసేవారో తెలుసా మావయ్యా? ఆ అద్దాల్లోంచి ఎండ పడితే నిప్పు పుడుతుంది. పుస్తకంలో రాశారు.”

“ఆయ్” అన్నాడు మావయ్య వల అల్లుతూ. “నా సొక్కా కాలింది కదమ్మా. పుస్తకంలో అది రాయలేదా?”

అలాంటి మనిషి సున్నం బస్తాల మీద వల ఎందుకు కప్పాడు?

వరద తీసి పది రోజులైంది. అప్పటి నుంచి ఆయన వారానికి మూడుసార్లు దిబ్బకు వెళ్తున్నాడు. వచ్చేటప్పుడు నావలో చేప ఉండదు. చేతివేళ్ళు సున్నానికి పొక్కి ఉంటాయి. మొలపంచె అంచుకు బెల్లం అంటి చీమలు పట్టేవి. అత్తను అడిగితే, “మగోళ్ళ పనులు నీకెందుకే? జాకెట్లు కుట్టుకో” అంది. అత్త నాతో ఎప్పుడూ అలా మాట్లాడలేదు.

కుళాయి దగ్గర ఆడవాళ్ళు నవ్వుకున్నారు.

“మీ మావయ్య నల్లబెల్లం కొన్నాడంట కదే! మాకూ ఓ సీసా పంపమను.”

“కాపు దిగేక సెప్పమ్మా, మా ఆయన్ని అటు ఎల్లకుండా కట్టేత్తాను.”

వాళ్ళు అంటున్నది నాటుసారా. దిబ్బల మీద బెల్లం ఊట వెయ్యడం మా వైపు కొత్తేమీ కాదు. అయితే నాకు నమ్మకం కలగలేదు. సారాకు బెల్లం కావాలి, సున్నం ఎందుకు? రెండూ కలిసి కావలసింది ఒకేఒక్క చోట. అది నేను చదివాను, రెండో బీరువా, మూడో అర. రొయ్యల చెరువు. నీటి పులుపు తగ్గడానికి సున్నం చల్లుతారు. తవుడు, బెల్లం కలిపి పులియబెట్టి నీళ్ళలో పోస్తారు. దిబ్బ మీద ఎవరో దొంగతనంగా చెరువు తవ్వుతున్నారు, మావయ్య సామాను చేరవేస్తున్నాడు. చెరువు తవ్వితే బురుజు పునాది ఎన్నాళ్ళుంటుంది? ఇటుకలు కూడా గట్లకు పనికొస్తాయి.

దానికి తగ్గట్టు చెరువుల ఆసామీ ఒకాయన బుల్లెట్టు బండి మీద వచ్చి టీకొట్టు దగ్గర మావయ్యతో మాట్లాడుతుంటే నా కళ్ళతో చూశాను. నన్ను చూడగానే ఇద్దరూ మాట ఆపేశారు. ఊరంతా సారా అనుకుంటుంటే నేనొక్కదాన్నే చదువుతో అసలు సంగతి పట్టుకున్నాను. భయం వేసింది. అంతకన్నా ఎక్కువ గర్వం వేసింది.

రెండు రాత్రులు ఆలోచించి సోమవారం అర్జీల రోజున తహసీల్దారు ఆఫీసుకు వెళ్ళాను. “లైటౌసు దిబ్బ మీద ప్రభుత్వ స్థలంలో రొయ్యల చెరువు తవ్వుతున్నట్టు అనుమానం. సున్నం, బెల్లం నావ మీద వెళ్తున్నాయి. చరిత్ర గల కట్టడానికి ప్రమాదం” అని రాశాను. మావయ్య పేరు రాయలేదు. పెంచిన చెయ్యి కదా. గుమాస్తా రెండుసార్లు చదివాడు.

“బాగా రాసేరండి. నావ ఎవరిదండి?”

“తెలియదండి.”

“దిబ్బకెళ్ళే నావలు ఎన్నుంటాయండి మీ ఊళ్ళో?”

దిబ్బకు వెళ్ళే నావ ఒక్కటే. అది ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు.

“పర్లేదండి. గురువారం వీఆర్వో గారు వత్తారు. సామానుతో దొరికితే నావ పట్టుకుంటారు, కేసు రాత్తారు. మీ సంతకం ఇక్కడండి.”

సంతకం పెట్టి బస్సెక్కాను. ఆ నావ పోతే మావయ్యకు ఇంకేమీ లేదు. సెంటు భూమి లేదు. ఈ వయసులో ఆయన్ని ఎవరూ వేటకు తీసుకెళ్ళరు. బస్సులో వస్తూ నన్ను నేను సమర్థించుకున్నాను. తప్పు చేసింది ఆయన. మరుక్షణం ఇంకో అనుమానం వచ్చింది. తప్పు నేను చూశానా? సున్నం చూశాను, బెల్లం చూశాను, వల కప్పడం చూశాను. చెరువు చూడలేదు. ఆ మాటకొస్తే నలభై పేజీల చరిత్ర రాసిన నేను దిబ్బ మీద ఒక్కసారి కూడా కాలు పెట్టలేదు. నీళ్ళంటే నాకు చచ్చే భయం. చూసిందంతా గట్టు మీద నుంచే. నల్లగా పాచి పట్టి, పెచ్చులూడి, కాకులు వాలే బురుజు.

మంగళవారం సాయంత్రం మావయ్యను అడిగాను. “నన్నొకసారి దిబ్బకు తీసుకెళ్ళు మావయ్యా. పుస్తకానికి కావాలి.”

మావయ్య అత్త వైపు చూశాడు. అత్త గిన్నె కడగడం ఆపింది.

“నువ్వా? కాలవ దాటడానికే కళ్ళు మూసుకుంటావు.”

“ఈసారి తెరుస్తాను.”

“బురదమ్మా.”

“నువ్వు వెళ్తున్నావుగా?”

“పొద్దున్న పోటుకి ఎల్దాం” అన్నాడు. అంత తొందరగా ఒప్పుకోవడం కూడా నాకు అనుమానంగానే ఉంది. రాత్రికి రాత్రి ఎవరికైనా కబురు పెడతాడేమోనని తలుపు చప్పుళ్ళు వింటూ పడుకున్నాను. ఎవరూ వెళ్ళలేదు.

బుధవారం పొద్దున్న పోటు మీద బయలుదేరాం. నావలో అర బస్తా సున్నం, తారు డబ్బా, తాడు చుట్ట, ఒక పలక, పొడుగు వెదురు గెడకు కట్టిన కొబ్బరి పీచు కుంచె. వల కప్పలేదు. నేను రెండు చేతులతో అంచు పట్టుకుని కూర్చున్నాను. దిబ్బ దగ్గర పడింది. మడచెట్ల సందుల్లోంచి చూశాను. గట్లు లేవు, తవ్విన మట్టి లేదు, ఇంజను చప్పుడు లేదు. అయినా ఒడ్డుకు కట్టకుండా మావయ్య నావను ముందుకే పోనిచ్చాడు.

“దిబ్బ ఇదే కదా, ఎటు పోతున్నావు?”

“కళ్ళు తెరుత్తానన్నావుగా. తెరిచి ఉంచు.”

నావ దిబ్బ చుట్టూ తిరిగి మొగలోకి వచ్చింది. అలలు పెద్దవయ్యాయి. నేను దేవుణ్ణి తలుచుకున్నాను. కొంత దూరం సముద్రంలోకి పోయాక ఇంజను తగ్గించి, “ఇప్పుడు ఎనక్కి సూడు” అన్నాడు.

చూశాను. గట్టు మీద నుంచి నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్న నల్ల బురుజే. అయితే ఇటు వైపు దాని మధ్యలో పైనుంచి సగం దాకా నిలువుగా ఒక తెల్లచార. కొత్త సున్నం. పొద్దుటి ఎండకు కళ్ళు చెదిరేలా మెరుస్తోంది.

“ఇప్పుడు సూడు” అని నావను బురుజు వైపు తిప్పి కుడి పక్కకు పోనిచ్చాడు. బురుజు మీద చార ఎడమ పక్కకు జారింది. ఇంకొంచెం వెళ్ళేసరికి అంచుకు చేరి దారంలా సన్నబడింది. నావను ఎడమకు తెచ్చాడు. చార మళ్ళీ మధ్యకు వచ్చింది.

“సార మజ్జిలో ఉంటే నువ్వు నీళ్ళున్న దారిలో ఉన్నట్టు. జారిందా, ఇసక మేట మీదికి పోతన్నట్టు. ఎటు జారితే అటు తిప్పాలి. అంతే.”

“ఫోనుల్లో మ్యాపులున్నాయిగా?”

“ఫోనుకి మొగ ఎక్కడుందో తెలుసుద్దమ్మా. ఈ ఏడు మొగలో నీళ్ళెక్కడున్నాయో తెలీదు. వరద వచ్చిన పెతిసారీ మేట మారుద్ది. అందుకే సార కూడా మారాలి.”

అప్పుడు తేరిపార చూశాను. తెల్లచారకు కుడి పక్కన తారు పూసిన నల్లటి పట్టీ. అది పోయినేడాది చార. దాని పక్కన ఇంకోటి, ఇంకోటి. దీపం పెట్టెలు మోసేసిన ఏడాది నుంచి ప్రతి వరద తర్వాతా మావయ్య మొగలో గెడ వేసి లోతు చూసుకుంటున్నాడు. పాత చార చెరిపి, కొత్త చార గీస్తున్నాడు. చిన్న నావల వాళ్ళందరూ దాన్ని చూసే సముద్రం నుంచి ఇంటికొస్తున్నారు. సున్నంలో బెల్లపు నీళ్ళు కలిపితే వానకు కారిపోదని ఆ బురుజు చూసిన పాత ఉద్యోగి నేర్పాడట. నా నలభై పేజీల్లో ఇది ఒక్క ముక్క లేదు.

“మరి ఒడ్డు వైపు ఎందుకు వెయ్యలేదు?”

“ఒడ్డు మీదోళ్ళకి దారెందుకు? తెల్లగా కనపడితే ఏటది, ఎవడేసేడు, ఎవర్నడిగి ఏసేడు అంటారు. గవర్నమెంటు గోడ. సెరిపెయ్యమంటారు. లేదా ఫైలు రాత్తారు. ఫైలు తిరిగొచ్చే లోపల మూడు వరదలొత్తాయి.”

కుళాయి దగ్గర నవ్విన ఆడవాళ్ళు గుర్తొచ్చారు. ఒక్కొక్కరినీ తలుచుకున్నాను. అందరూ వేటకు వెళ్ళే ఇళ్ళ వాళ్ళే. నా ముఖం చూసి సారా అన్నారు. ఊరంతా కలిసి నాకొక్కదానికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో అడగాల్సిన పని లేదు. అడగకుండానే సంతకం పెట్టి వచ్చినదాన్ని నేను.

అర్జీ సంగతి చెప్పేశాను. గురువారం వీఆర్వో వస్తాడని, నావ పట్టుకుంటారని, అన్నీ.

మావయ్య ఇంజను ఆపేశాడు. తిడతాడనుకున్నాను. ఆయన బురుజు వైపే చూస్తున్నాడు.

“సగమే అయ్యింది” అన్నాడు చివరకు. “ఎల్లుండి నుంచి వాన ఉంది. దూరం నుంచి సూసేవోళ్ళకి పైసగం ఒక్కటే ఆనదు. ఈయేళ పూర్తి సెయ్యాలి. నువ్వు తాడు సూసుకుంటావా?”

ఆ రోజు నేను మొదటిసారి ఆ బురుజు మెట్లెక్కాను. పై వరండా కమ్మీకి తాడు కట్టి, పలక మీద కూర్చుని మావయ్య కిందికి దిగుతూ చార గీశాడు. కమ్మీకి తుప్పు పట్టింది. ఆ ముడి వైపే చూస్తూ మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. అది వదులైనట్టు పదిసార్లు అనిపించింది. ఇన్నేళ్ళూ ఆ ముడిని ఎవరు చూశారని అడిగాను. “ఎవరూ లేరు. మీ అత్త తిట్టేది” అన్నాడు కింద నుంచి.

“టీకొట్టు దగ్గర ఆసామీ ఏమడిగాడు?”

“దిబ్బ మీద సెరువెయ్యడానికి బాగుంటాదా అన్నాడు. పాములమ్మా, కాలెట్టలేరు అన్నాను.”

నేను కాళ్ళు పైకి లాక్కున్నాను. “ఉన్నాయా?”

“పని సూడు.”

గురువారం వీఆర్వో గారు బూట్లు వేసుకుని వచ్చారు. మావయ్య చేతులు కట్టుకుని ఎదురెళ్ళాడు. “రండి బాబుగారూ, నావ సిద్ధంగా ఉందండి. ఆటు కదండీ, ఓ మోకాలి లోతు బురద దిగాలండి. పైగా పాములండి.” ఆటు వేళకు ఆయన్ని రమ్మన్నది ఎవరో నాకు తెలియదు. గుమాస్తా బావమరిది వేటకు వెళ్తాడని తర్వాత విన్నాను. వీఆర్వో గారు గట్టు మీదే నిలబడి ఫోను ఎత్తి బురుజును రెండు ఫోటోలు తీశారు. నల్లగా, పాచి పట్టి, కాకులతో. తర్వాత నా వైపు తిరిగారు.

“చెరువు కనపడ్డంలేదండి. మరి సున్నం రాసేరేంటండి మీరు?”

“కొబ్బరిచెట్ల మొదళ్ళకండి. నేనే పొరపాటు పడ్డాను.”

“బెల్లమండి?”

“పశువుల దాణాలోకండి.”

“పశువులెన్నండి మీకు?”

వెనక నుంచి అత్త అందుకుంది. “ఓ మేకుందండి. తీపి లేపోతే ముట్టుకోదండి.”

ఆయన నన్ను, అత్తను, మావయ్య పొక్కిన వేళ్ళను ఒకదాని తర్వాత ఒకటి చూశారు. మాకు ఒక్క కొబ్బరిచెట్టు కూడా లేదు. చుట్టూ చూస్తే ఆ సంగతీ తెలిసేది. కాగితం ఇచ్చి, అదే రాసి సంతకం పెట్టమన్నారు. నా జీవితంలో తెలిసి తెలిసి అబద్ధం రాసింది ఆ కాగితం మీదే. చేతిరాత మాత్రం బాగానే వచ్చింది.

వారోత్సవాల్లో నా చరిత్ర చదివే రోజు గ్రంథాలయంలో ఇరవై మంది దాకా కూర్చున్నారు. పుస్తకం ఎప్పుడూ ముట్టుకోని మావయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి చివరి బల్ల మీద కూర్చున్నాడు. వినడానికి వచ్చాడనుకుని మొదట సంతోషించాను. ఆయన కళ్ళు చూశాక అర్థమైంది. వినడానికి కాదు, కాపలాకు వచ్చాడు.

కొబ్బరినూనె, కిరసనాయిలు, తెరలు, పెట్టెలు అన్నీ చదివాను. చివరి వాక్యం ముందే రాసి ఉంది. “నేడు ఆ బురుజు ఎవరికీ ఉపయోగం లేకుండా శిథిలమై ఉన్నది.” దాని మీద పెన్నుతో గీత పెట్టాలని రాత్రంతా అనుకుని, పెట్టలేదు. ఇప్పుడు చదవడానికి నోరు రాలేదు. మావయ్య ముందుకు వంగాడు. చదివాను. ఆయన వెనక్కి ఆనుకుని కూర్చున్నాడు. అందరికన్నా ముందు చప్పట్లు ఆయనే కొట్టాడు.

గ్రంథాలయం ఆయన బాగుందన్నారు. నోటుబుక్కు బీరువాలో పెడతానన్నారు. ఇస్తుంటే అడిగారు: “మధ్యలో రెండు కాగితాలు చింపినట్టున్నాయేంటమ్మా?”

“చేతిరాత బాగా రాలేదండి.”

చార సంగతి రాసిన ఆ రెండు కాగితాలూ నా దగ్గరే ఉన్నాయి. వాటిని చూసే ఇది రాస్తున్నాను. ఊరు, రేవు, దిబ్బ ఆనవాళ్ళు కొన్ని మార్చాను. కొన్ని మార్చలేదు. ఏవి మార్చానో చెప్పను.

మళ్ళీ వరద వచ్చి తీసింది. తాడు దగ్గర ఇప్పుడు నేనే ఉంటాను. తుప్పు కమ్మీ బదులు దీపం గది రాతి గుమ్మానికి ముడి వేయిస్తున్నాను. మావయ్య నన్ను పూర్తిగా నమ్మాడని మాత్రం అనుకోవడం లేదు. నేను రాజోలుకు బయలుదేరినప్పుడల్లా గుమ్మం దగ్గర ఒక మాట అడుగుతాడు.

“సంచీలో ఏటమ్మా?”

“జాకెట్లు మావయ్యా.”

“ఆయ్” అంటాడు. అని, సంచీ నోరు వేలితో కొంచెం వెడల్పు చేసి లోపలికి చూస్తాడు.

నేను సంచీ ఎత్తి పట్టుకుంటాను.